పాత దఫ్తరంలో కనిపించిన పిల్లవాడి వంశాన్ని వెనక్కు వెదకడం ఎలా?

కడప, కర్నూలు, అనంతపురం జిల్లాల పాత ఇండ్ల అటకల మీద దొరికే కాగితాల్లోనూ, రెవెన్యూ దఫ్తరాల్లోనూ పెద్దల పేర్ల నడుమ అప్పుడప్పుడు ఒక పిల్లవాడి పేరు తగులుతుంది. ‘ఓబులేసు, మైనరు, వయసు 9’ అని ఒక గడిలో రాసి ఉంటుంది. ఆ పిల్లవాడు మీ వంశంవాడేనని మీకు తోచినప్పుడు, అతని తండ్రి తాతలను పట్టుకుని పాళెగాండ్ల కాలం, నవాబుల కాలం దాకా, అంటే 17, 18 శతాబ్దాల దాకా వెళ్ళడం చాలా కుటుంబాలకు సాధ్యమే. ఈ వ్యాసంలో ఆ పని వరుసను చెబుతాను. నేటి నుండి ఆ పిల్లవాడి వరకు రావడం ఇందులో చేర్చలేదు. పాస్ పుస్తకాలు, రిజిస్ట్రేషన్ దస్తావేజులు, బడి రిజిస్టర్లు, ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు) చూసి ఆ దారి ఎవరైనా నడవగలరు. కష్టమంతా అక్కడి నుండి వెనక్కు వెళ్ళడంలోనే ఉంది.

ముందుగా వేసుకోవలసిన ప్రశ్న

పెద్దవాళ్ళు బ్రతికి ఉన్న ఇంట్లో పిల్లవాడి పేరు దఫ్తరానికి ఎక్కదు. ఎక్కిందంటే ఆ ఇంట్లో ఏదో జరిగిందన్న మాట. కాబట్టి పేరు కనబడగానే తండ్రి ఎవరని వెదకడం మొదలుపెట్టకుండా, ఈ పేరు ఇక్కడికి ఎందుకు వచ్చిందని అడగండి. తండ్రి చనిపోయి మాన్యం పిల్లవాడికి సంక్రమించి ఉండవచ్చు. సంతానం లేని ఇంటికి దత్తు వచ్చి ఉండవచ్చు. ఆస్తి తగాదాలో వారసుడిగా నిలబడి ఉండవచ్చు. పుట్టినప్పుడు జాతకం రాయించిన తాటాకు మీద ఉండవచ్చు. పాళెగాని కుటుంబంవాడైతే సర్కారు ఇచ్చే తవర్జీకి (భరణానికి) హక్కుదారుగా పేరు రాయించుకుని ఉండవచ్చు. మన్రో దొర 1800 నుండి 1807 దాకా దత్తమండలాలకు, అంటే ఈస్టిండియా కంపెనీకి నిజాం ఇచ్చిన ఈ సీమలకు, ప్రధాన కలెక్టరుగా ఉన్న కాలంలో పాళెగాండ్ల బలాన్ని అణచి, వాళ్ళ కుటుంబాలకు తవర్జీలు ఏర్పాటు చేశారు. తాత చనిపోతే తవర్జీ తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా ఆగిపోతుంది. అందుకే ఆ కుటుంబాలు తమ పిల్లల పేర్లను పట్టుబట్టి రాయించేవి. నొస్సం పాళెగాండ్ల తవర్జీ ఆగిపోయిందన్న తగాదా 1846లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటి.

ఈ కారణాల్లో మీ పిల్లవాడిది ఏదో తేలితే, తర్వాత ఏ దఫ్తరం తెరవాలో కూడా తేలుతుంది. తేలనప్పుడు తొందరపడవద్దు, ఆ పేజీలో పైన, కింద ఉన్న నాలుగైదు పేర్లను కూడా ఎత్తి రాసుకుంటే కారణం తరచుగా అక్కడే బయటపడుతుంది.

పత్రాన్ని ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాయడం

కాగితమైనా, తాటాకు కవిలెకట్ట అయినా, నల్లని పూత వేసి బలపంతో రాసిన గుడ్డ కడితమైనా, ముందు ఫొటో తీయండి. తడిగుడ్డతో తుడవవద్దు, మడతలు బలవంతంగా విప్పవద్దు. కడితం మీది బలపపు రాత చేతి తడికే చెరిగిపోతుంది. ఫొటో చూసి, మీకు తప్పుగా కనబడిన వర్ణక్రమాన్ని కూడా దిద్దకుండా, పంక్తికి పంక్తి ఎత్తి రాయండి. అర్థం కాని అక్షరం దగ్గర చుక్కలు పెట్టండి గాని ఊహించి నింపవద్దు. ఒకసారి నింపిన అక్షరం ఆ తర్వాత మీ కంటికే అసలు అక్షరంలా కనిపిస్తుంది.

లిపి విషయంలో మన సీమకు కొన్ని చిక్కులున్నాయి. దత్తమండలాల తొలినాటి కచ్చేరీ లెక్కలు కొన్ని మరాఠీలో, మోడీ లిపిలో ఉంటాయి. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడ రాత తగులుతుంది. నవాబులిచ్చిన సన్నదులు (దానపత్రాలు) పారశీకంలో ఉంటాయి. అంతా మీరే చదవాలని పట్టుబట్టనవసరం లేదు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖల్లో, ప్రాచ్య లిఖిత భాండాగారాల్లో చదివిపెట్టేవారుంటారు. కన్నడ సీమ అంచున ‘తిమ్మప్ప బిన్ హనుమప్ప’ అని ఉంటే హనుమప్ప కొడుకు తిమ్మప్ప అనీ, ‘కోం’ అని ఉంటే ఫలానా వాని భార్య అనీ, ముస్లిం కుటుంబాల పత్రాల్లో ‘వల్ద్’ తర్వాత వచ్చేది తండ్రి పేరనీ తెలిసి ఉంటే సగం బంధుత్వాలు అక్కడే విడిపోతాయి.

కాలాన్ని తేల్చుకోవడం

పాత పత్రంలో తేదీ నాలుగు రకాలుగా ఉండవచ్చు. శాలివాహన శకం ఇచ్చి ఉంటే 78 కలపండి, మాఘ ఫాల్గుణాల తేదీ అయితే 79. ఫసలీ (రెవెన్యూ లెక్కల సంవత్సరం) ఇచ్చి ఉంటే 590 కలపండి. ఫసలీ జూలైలో మొదలవుతుంది గనుక ఫసలీ 1270 అంటే 1860–61. హిజ్రీ సంవత్సరం చాంద్రమానం, మన సంవత్సరం కన్నా దాదాపు పదకొండు రోజులు పొట్టిది. కూడిక తీసివేతలతో సరిగ్గా రాదు, పట్టిక చూడాలి. హిజ్రీ 1133 అంటే 1720–21.

నాలుగోది ఒట్టి సంవత్సర నామం. ‘విక్రమ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి’ అని మాత్రమే ఉంటే ఆ సంవత్సరం 1640–41, 1700–01, 1760–61, 1820–21 లలో ఏదైనా కావచ్చు. పేరుతో పాటు శకం కూడా ఉంటే రెండింటినీ సరిచూడండి: శకం 1622కు 78 కలిపితే 1700, ఆ ఏడు విక్రమే, కనుక కుదిరింది. కుదరకపోతే పత్రం నకలు తీసినవాడు పొరబడి ఉండవచ్చు, లేదా పత్రమే తర్వాతి కాలంలో పుట్టించినది కావచ్చు. శకం లేనప్పుడు పత్రంలోని ఇతర విషయాలను సాక్ష్యంగా పిలవండి. వరహాలు, మాడలు మాత్రమే కనబడుతున్నాయా, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) రూపాయలు కూడా ఉన్నాయా? ఏలుబడి ఎవరిది? కడప సీమ 1780 ప్రాంతంలో హైదర్ చేతికి పోయింది. 1792, 1799 ఒప్పందాలతో ఈ సీమలు నిజాముకు దక్కాయి. 1800లో, అంటే రౌద్రి సంవత్సరంలో, నిజాం వాటిని కుంఫిణీకి ధారపోశాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబు కిందనే ఉంది. ఈ నాలుగు మెట్లు గుర్తుంటే అరవై ఏండ్ల తేడా ఉన్న రెండు విక్రమల్లో ఏది మీదో చాలాసార్లు చెప్పగలుగుతారు.

ఊరు అప్పుడు ఏ జిల్లాలో ఉంది?

దఫ్తరాలు ఆనాటి జిల్లాల ప్రకారం భద్రపరచబడ్డాయి గాని మన సౌకర్యం ప్రకారం కాదు. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. అంతకు ముందరి కాగితాలను బళ్ళారి జిల్లా పేరు కింద వెదకాలి. కర్నూలు జిల్లా 1858లో రూపు కట్టినప్పుడు పత్తికొండ బళ్ళారి నుండి, కోవెలకుంట్ల కడప నుండి వచ్చి చేరాయి. కదిరి చాలా కాలం కడప జిల్లాలో ఉండి, 20వ శతాబ్ది తొలినాళ్ళలో అనంతపురానికి మారింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం 1953 దాకా బళ్ళారివే. 2022లో వచ్చిన నంద్యాల, అన్నమయ్య, శ్రీ సత్యసాయి జిల్లాల పేర్లు ఏ పాత సూచికలోనూ కనిపించవు. ఊరి పేరుతో పాటు పాత తాలూకా పేరును రాసుకుని వెళ్ళని వారికి రికార్డు గదిలో దొరికే జవాబు ‘లేదు’ అనే మాటే. నిజానికి కాగితం పక్క బీరువాలో ఉంటుంది.

ఇనాం రిజిస్టరు: అసలు తాళం ఇక్కడే

1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ మద్రాసు రాజధానిలోని మాన్యాలన్నింటినీ విచారించి, ఊరూరికీ ఫెయిర్ రిజిస్టర్లు రాయించింది. రెవెన్యూ కచ్చేరీల్లో దీన్నే ఐ.ఎఫ్.ఆర్. అంటారు. మాన్యం ఏ రకందో, విస్తీర్ణమెంతో, ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో, మొదట పుచ్చుకున్నది ఎవరో, మునుపటి సర్కారు లెక్కల్లో ఎవరి పేరుందో, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరో, అతని వయసెంతో, మొదటివానికి ఏమవుతాడో, ఇవన్నీ గడులుగా అందులో ఉంటాయి. ఒక్క పుటలో నూరు నూటయాభై ఏండ్ల వంశం మూడు నాలుగు పేర్లుగా కుదించి కనిపించే దఫ్తరం మన సీమలో ఇంకొకటి లేదు.

‘మాకు భూములెక్కడివి, మా పేర్లు అందులో ఎందుకుంటాయి’ అని ముందే వదిలేయవద్దు. అగ్రహారాలు, దేవాదాయాలు మాత్రమే కాదు, చాకలి, మంగలి, కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, తలారి, నీరుగంటి, వెట్టి మాన్యాలు కూడా అక్కడికే ఎక్కాయి. చెరువులు, బావులు కట్టించి బాగు చూసుకునేవారికిచ్చిన దశబంధం ఇనాములు దత్తమండలాల్లో మరీ ఎక్కువ. మీ ఊళ్ళో ఒక చేనిని నేటికీ ‘దాసరి మాన్యం’ అనో ‘తలారి మాన్యం’ అనో పిలుస్తుంటే, ఆ చేని పాత సర్వే నెంబరే మీకు తొలి ఆధారం.

రిజిస్టరు నకలు కోసం ముందు తహసీల్దారు కచ్చేరీలో, అక్కడ లేకపోతే కలెక్టరేటు రికార్డు గదిలో ఊరి పేరు, పాత తాలూకా, సర్వే నెంబరు, తెలిస్తే టైటిల్ డీడ్ నెంబరు రాసి అర్జీ పెట్టండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. రాష్ట్ర పురాలేఖ భాండాగారంలోనూ వెదకవచ్చు. మద్రాసు ప్రభుత్వపు రెవెన్యూ కాగితాలు, తొలినాటి జిల్లా రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు పురాలేఖ భాండాగారంలో ఉన్నాయి. రిజిస్టరు దొరికాక ఆగిపోకుండా ఇనాందారు ఆనాడు దాఖలు చేసిన స్టేట్‌మెంటును కూడా అడగండి. సన్నదు నకలు, కుటుంబ వివరం అందులో ఇంకా విపులంగా ఉండే అవకాశముంది. 1984లో కరణీకాలు రద్దయినప్పుడు గ్రామ లెక్కలను స్వాధీనం చేయమన్నారు గాని, కొన్ని ఊళ్ళలో పాత కరణాల వారసుల ఇండ్లలో పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. మర్యాదగా వెళ్ళి, చూపించమని మాత్రమే అడగండి, ఇమ్మని అడగవద్దు.

గడులను లెక్కతో చదవడం

ఊహకు ఒక నమోదును తీసుకుందాం. పెన్న ఒడ్డున ఒక ఊరి దశబంధం మాన్యం. ఇచ్చినవాడు 18వ శతాబ్ది తొలి దశకాల్లో కడపనేలిన అబ్దుల్ నబీ ఖాన్. మొదట పుచ్చుకున్నవాడు మద్దిలేటి. మునుపటి లెక్కలో పేరు ఓబులేసు. ఇప్పటి అనుభవదారు ఓబులేసు, మైనరు, వయసు 9, సంరక్షకురాలు తల్లి. మొదటివానికి మునిమనుమడు. విచారణ 1861లో జరిగిందనుకుందాం.

పిల్లవాడు 1852 ప్రాంతంలో పుట్టాడు. మాన్యం 1720 ప్రాంతంలో పుచ్చుకున్న మద్దిలేటి అప్పటికి ముప్పై ఏండ్లవాడనుకుంటే 1690 ప్రాంతంలో పుట్టి ఉండాలి. ఇద్దరి పుట్టుకల నడుమ నూటఅరవై ఏండ్లున్నాయి. మునిమనుమడంటే మధ్యలో మూడే తరాల అంతరం. తరానికి యాభై మూడు యాభై నాలుగు ఏండ్లు పడుతుంది. ఒక తరం అలా జరగవచ్చు, మూడు తరాలూ అలా జరగవు. తరానికి ముప్పై ఏండ్ల లెక్కన ఐదు అంతరాలుండాలి, కనుక రెండు పేర్లు జారిపోయాయని గట్టిగా అనుమానించాలి. ఎక్కడ జారాయన్నది పేర్లే చెబుతాయి. మన సీమలో తాత పేరు మనుమడికి పెడతారు కాబట్టి, మునుపటి లెక్కలోని ఓబులేసు ఈ పిల్లవాని తాత కావచ్చు. ఆ తాతకు తాత ఇంకొక ఓబులేసు ఉండి, విచారణాధికారి ముందు తల్లి ఇద్దరినీ ఒకరిగా చెప్పి ఉండవచ్చు, లేదా గుమాస్తా ఒకరిగా రాసి ఉండవచ్చు. భర్త పోయి, చంకలో మరొక బిడ్డతో కచ్చేరీ మెట్లెక్కిన మనిషి ఐదు తరాలు తప్పు లేకుండా ఒప్పజెప్పాలని మనం ఆశించకూడదు.

అలాగే ‘ఇచ్చినవారు’ అన్న గడిని కూడా కొంచెం వెనక్కు లాగి చదవండి. యాభై ఏండ్లకు పైగా అనుభవంలో ఉంటే కమిషన్ ఆ ఇనామును ఒప్పుకునేది. మూల సన్నదు రుజువు కావాలని పట్టుబట్టేది కాదు. అందువల్ల పుట్టు పూర్వోత్తరాలు తెలియని మాన్యాలు చాలావరకు రాయల పేరు మీద చలామణి అయిపోయాయి. హండే వారు, మట్లి వారు, పెమ్మసాని వారు, రాయదుర్గం పాళెగాండ్లు ఇచ్చినట్టు రాసిన చోట, ఆ కుటుంబం ఆ కాలంలో నిజంగా ఆ ఊరి మీద పెత్తనం చేసిందా అని చూసిన తర్వాతే నమ్మండి. గండికోట 1650ల నాటికే మీర్ జుమ్లా చేతికి పోయింది. అదే గండికోట సీమలో 1700 తర్వాత పెమ్మసాని వారు ఇచ్చారని ఉంటే సంవత్సరమో, దాత పేరో ఒకటి తప్పు.

జారిపోయిన పేర్ల కోసం చెరువు కట్టకు పోవాలి. దశబంధం ఇంటివారి పేరు తూము రాళ్ళ మీద, కట్ట మీది గుడి గోడల మీద చెక్కి ఉండే అవకాశముంది. తెలుగు శాసనాల్లో దాత తన తండ్రి, తాతల పేర్లు చెప్పుకోవడం పరిపాటి కనుక, ఒక్క రాయి మూడు తరాలను ఇవ్వగలదు. కడప జిల్లా శాసనాలు సంపుటాలుగా అచ్చయ్యాయి. రాయిని వెదికే ముందు సంపుటంలో మీ ఊరి పేరు చూసుకుంటే ఎండలో తిరిగే పని తగ్గుతుంది. రాతి మీద సుద్ద రుద్దవద్దు, సున్నం పూయవద్దు. ఉదయమో సాయంత్రమో పక్క నుండి వెలుతురు పడేటప్పుడు ఫొటో తీస్తే అక్షరాలు లేచి కనిపిస్తాయి.

ఇంటిపేరు కుదరనప్పుడు

మాన్యం ఒకే కుటుంబంలో కొనసాగుతున్నట్టుండి, ఇంటిపేరు నడుమ మారితే, అది వేరే కుటుంబమని కొట్టివేయకండి. ముందు ఇల్లరికాన్ని అనుమానించండి. కాపు, కమ్మ కుటుంబాల్లో కొడుకులు లేని మామ తన అల్లుణ్ణి ఇల్లటం తెచ్చుకుని ఆస్తి అప్పగించే ఆచారం మన జిల్లాల్లో కోర్టులు కూడా ఒప్పుకున్నంత బలమైనది. అల్లుడు తన ఇంటిపేరు వదలడు, మామ మాన్యం అనుభవిస్తాడు. అలాంటి చోట పిల్లవాడి వంశం రెండు కొమ్మలుగా చీలుతుంది: రక్తం తండ్రి ఊరి వైపు, మాన్యం తల్లి తండ్రి వైపు. రెండింటినీ విడివిడిగా గీయాలి.

వేరే గోత్రం నుండి దత్తు తెచ్చుకుంటే గోత్రమే మారుతుంది. రిజిస్టరులో ‘దత్తపుత్రుడు’ అని ఉంటే, ఆ పిల్లవాణ్ణి ఎక్కువగా అన్నదమ్ముల ఇంటి నుండే తెచ్చుకునేవారు కనుక, పక్క మాన్యంలోని అదే గోత్రం కుటుంబాన్ని చూడండి.

మూడో సంగతి ఆదోని, రాయదుర్గం వైపు కుటుంబాలకు తగులుతుంది. కొడుకులు లేని కొన్ని ఇండ్లలో ఒక కూతురిని బసివిగా విడిచి (దేవుడికి అర్పించి, పెండ్లి చేయకుండా ఇంట్లోనే ఉంచి), ఆమె పిల్లలను తాత పేరుతో, తాత ఆస్తికి వారసులుగా నిలుపుకునేవారు. అటువంటి నమోదులో తండ్రి గడి ఖాళీగా ఉంటే, అది గుమాస్తా లోపం కాదు; ఆ బిడ్డ వంశం తల్లి ద్వారానే నడిచింది. ఆ విషయాన్ని దాచకుండా, దానికి ఊహా తండ్రిని తగిలించకుండా, తల్లి పేరునే తరంగా రాయండి. చదువుకున్న కుటుంబాలు ఈ చోట కాగితాన్ని పక్కన పెట్టేయడం వల్ల పోయిన వంశావళులు తక్కువేమీ కావు.

పుట్టువెంట్రుకలు, మొక్కులు

వలస వచ్చిన కుటుంబాలకు దఫ్తరం ఒక ఊరి దగ్గర తెగిపోతుంది. ఆ ఊరికి ఎక్కడి నుండి వచ్చారో చెప్పే సాక్ష్యం పిల్లల నెత్తి మీదే ఉంది. మీ ఇంట్లో ముసలి అవ్వను కూర్చోబెట్టుకుని, ‘మన పిల్లోండ్లకు పుట్టువెంట్రుకలు యాడ తీపిస్తాము?’ అని అడగండి. తిరుమల, శ్రీశైలం, అహోబిలం, కదిరి అని జవాబు వస్తే అందులో ఊరి గుర్తు పెద్దగా దొరకదు. అక్కడికి అందరూ పోతారు. కాని మూడు తాలూకాల అవతల, పేరు ఎవరూ వినని ఒక గుట్ట మీది నరసింహస్వామికో, ఒక చేను గట్టున వేపచెట్టు కింది గంగమ్మకో తీయిస్తామంటే, మీ వంశం అక్కడి నుండే కదిలి వచ్చిందని దాదాపుగా అనుకోవచ్చు. ఆ ఊరి ఇనాం రిజిస్టరు తెప్పించండి.

పిల్లల పేర్లు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి. మద్దిలేటి, పెన్నోబులేసు, కదిరప్ప, కుళ్ళాయప్ప, దస్తగిరి అనే పేర్లు ఏ దేవుడికి, ఏ స్వామికి మొక్కితే పుట్టిన బిడ్డో చెబుతాయి. అనంతపురం జిల్లా గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకునే హిందువుల ఇండ్లలో కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు తరం తరంగా కనబడతారు. పేరును చూసి మతం తేల్చబోతే మన సీమలో పొరబడతారు. పెంటయ్య, పుల్లయ్య, కుప్పమ్మ లాంటి పేర్లు తగిలితే ఆ బిడ్డకు ముందు పుట్టిన బిడ్డలు దక్కలేదేమోనని అనుమానించి, అన్నదమ్ముల వయసుల నడుమ ఖాళీ ఉందేమో చూడండి.

చెప్పేవాళ్ళు, రాసినవాళ్ళు

కాపులకు, గొల్లలకు గోత్రాలు, వంశాలు చెప్పే వంశరాజులు (జనం పిచ్చుకగుంట్లు అనేవారు), పద్మశాలీలకు కూనపులివారు, విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, మాదిగలకు డక్కలివారు, రాచకుటుంబాలకు భట్రాజులు ఉన్నారు. వీరికి ఫలానా ఊళ్ళు ఫలానా కుటుంబానివని మిరాశీ (వంశపారంపర్య హక్కు) పంపకాలుంటాయి. మీ ఊరి మిరాశీ ఎవరిదో కనుక్కుని, వారినే పిలవండి. వేరేవారు పక్క ఊరి వంశం చెప్పే ప్రమాదముంది. వారు చెప్పేటప్పుడు నడుమ అడ్డు తగలకుండా మొదటి నుండి చివరి దాకా రికార్డు చేయండి. ఒక పేరు మళ్ళీ చెప్పమని ఆపితే వరుస తప్పుతుంది, మొదటికి పోవలసి వస్తుంది. తర్వాత, దఫ్తరంలో దొరికిన పేర్లను మీరు ముందుగా బయటపెట్టకుండా, వారి వరుసలో అవి ఎన్నో మెట్టు మీద వచ్చాయో సరిచూసుకోండి. మొదటి నాలుగైదు తరాలు దేవతలు, ఋషులైతే గౌరవంగా విని వదిలేయండి. చివరి ఆరేడు తరాలు, అంటే మాన్యం పుచ్చుకున్నవాని నుండి కిందికి వచ్చే భాగం, కాగితం కన్నా సరిగా ఉన్న సందర్భాలుంటాయి. ఇచ్చే కట్నం నిండుగా ఇవ్వండి. అది వారి వృత్తి.

రాసినవాళ్ళలో మొదట చూడవలసింది ఊరి కైఫీయత్తు. కుంఫిణీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులూ వారి వెంట వచ్చిన సహాయకులూ ఊరూరా కరణాల దండకవిలెలు (ఊరి పాత లెక్కల తాటాకు కట్టలు) చూసి, పెద్దలను అడిగి రాయించిన కథనాలివి. సి.పి. బ్రౌన్ వాటికి నకళ్ళు తీయించాడు. కడప జిల్లా కైఫీయత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, కరణీకం, రెడ్డిరికం ఎవరికి దక్కాయి, ఏ నవాబు ఏమి మార్చాడు అన్నవి అందులో ఉంటాయి. చెప్పినవాడు చాలాచోట్ల కరణమే కాబట్టి కరణం వంశం విపులంగా, తక్కిన వంశాలు పొడిగా ఉంటాయన్న ఎరుకతో చదవండి. మన పిల్లవాని ఊరి కైఫీయత్తులో మద్దిలేటి పేరు లేకపోయినా, చెరువుకు గండి పడిన ఏడు, తిరిగి కట్టించిన ఏడు దొరికితే మాన్యం పుట్టిన సంవత్సరాన్ని బిగించవచ్చు.

ముస్లిం కుటుంబాలు ఖాజీల దఫ్తరాలను, దర్గా ముతవల్లీల (నిర్వాహకుల) దగ్గరి షజరాలను (వంశావళులను) అడగాలి. క్రైస్తవ కుటుంబాలు చర్చి బాప్తిస్మ రిజిస్టర్లను అడగాలి. లండన్ మిషన్ కడపకు 1822లో వచ్చింది, ఆ చర్చిలు ఇప్పుడు సి.ఎస్.ఐ. రాయలసీమ డయోసీసు కింద ఉన్నాయి. అనంతపురం వైపు 18వ శతాబ్దిలోనే కథోలిక మతంలో చేరిన రెడ్డి కుటుంబాల్లో కొన్ని తర్వాత గుంటూరు సీమకు వలసపోయాయి గనుక, వారి జాడ అక్కడి గ్రామాల్లో దొరకవచ్చు. తాటాకు జాతకం ఉన్నవారు దాన్ని పంచాంగం తెలిసినవారికి చూపించి, సంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రం ఐదూ కలిసే రోజు ఏదో తేల్చమనండి. అరవై ఏండ్ల చక్రాల్లో ఐదూ ఒకేసారి కుదిరే రోజు సాధారణంగా ఒక్కటే దొరుకుతుంది.

ఏ దారిలో పోయినా 1876–78 దగ్గర ఒక అగాధం దాటాలి. ధాత కరువు అని మన పెద్దలు చెప్పేది అదే. కుటుంబాలకు కుటుంబాలు అంతరించాయి, మిగిలినవారు పొట్ట చేతబట్టుకుని మైసూరు సీమకో, కోస్తాకో పోయారు, కొందరే తిరిగి వచ్చారు. ఇనాం రిజిస్టరులోని మీ తొమ్మిదేండ్ల ఓబులేసుకు అప్పటికి పాతికేండ్లు. ఆ తర్వాతి లెక్కల్లో మాన్యం వేరొకరి పేర కనబడితే, ఓబులేసు కరువులో పోయాడా, మాన్యం అమ్ముకుని వలసపోయాడా అన్నది తేల్చనిదే మీరు అతని సంతతి అని రాసుకోకూడదు. పక్క ఊళ్ళ రిజిస్టర్లలో అతని బావమరుదుల ఇండ్లను చూడండి. కరువు నాడు చాలామంది పోయింది అత్తవారి ఊరికే.

వంశవృక్షాన్ని గీయడం

ఇప్పుడు కాగితం మీద గీయండి. ప్రతి పేరు పక్కన అది దేని మీద నిలబడిందో రాయండి: రిజిస్టరు, శాసనం, కైఫీయత్తు, మిరాశీదారు నోటి మాట, ఇంటి పెద్దల వినికిడి. రెండు వేరువేరు ఆధారాలు కలిసిన పేరును నల్లసిరాతో, ఒకే ఆధారం ఉన్న పేరును పెన్సిలుతో రాయండి. లెక్క ప్రకారం ఉండి తీరాలి గాని పేరు దొరకని తరానికి ఖాళీ గడి ఉంచండి. మద్దిలేటికీ పిల్లవాని తాత ఓబులేసుకూ నడుమ ఉన్న రెండు గడుల్లాగా. ఒకే పేరుతో ఇద్దరు అభ్యర్థులు మిగిలితే ఇద్దరినీ పక్కపక్కన పెట్టి, ఏ కాగితం దొరికితే ఎవరు నిలుస్తారో కింద రాసి పెట్టండి. పత్రాల ఫొటోలకు వరుస నెంబర్లు వేసి, వృక్షంలో పేరు పక్కన ఆ నెంబరు వేయండి. ఒక నకలును దాయాదుల ఇంట్లో ఇచ్చి ఉంచండి. వారి పెట్టెలో ఉన్న కాగితం బయటికి రావాలంటే, మీ కాగితం ముందు వారి చేతికి వెళ్ళాలి.